సముద్రము మన జిల్లాలో లేదా?

మాచర్ల ప్రాంతమునుండి శ్రోత ఒకరు మాకు ఒక ఉత్తరము వ్రాసినారు. అందులో కోపము కొంత, హాస్యము కొంత, న్యాయము కొంత ఉన్నది. "తుపాను వచ్చినదనగా మీరు గంటగంటకు హెచ్చరిక చదువుచున్నారు. మా వ్యవసాయ కార్యక్రమము ఆగిపోవుచున్నది. ఆడవారు ఎదురుచూచు నాటకము మరునాటికి వాయిదా పడుచున్నది. అయ్యా, సముద్రము మా జిల్లాలో లేదు. మా బాధ నీరు ఎక్కువై కాదు, నీరు లేక. బందరు వారికి, బాపట్ల వారికి చెప్పవలసిన మాట మా ఇంటిలో ఎందుకు?" అని వారి ప్రశ్న.

ఇది నవ్వి ప్రక్కన పెట్టదగిన ప్రశ్న కాదు. భూగోళము వేడెక్కుచున్న ఈ కాలమున తీరవాసులు ఏ విధముగ ముందుచూపుతో మెలగవలెనో చెప్పుటకు ఈ ప్రశ్నయే మంచి దారి. తీరమును కాపాడు పని తీరమున మాత్రమే జరుగునది కాదు. కనుక ఈ ఉత్తరమునకు కొంచెము విపులముగ సమాధానము చెప్పుదుము.

మొదట జిల్లా మాట. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా నరసరావుపేట ముఖ్యస్థలముగ ఏర్పడినది. అంతకు ముందు, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడిన నాటినుండి, మాచర్ల, గురజాల, నరసరావుపేటలును, బాపట్ల, రేపల్లె, నిజాంపట్నములును ఒకే జిల్లాలో ఉండెను. అనగా నూటపదునెనిమిది సంవత్సరములపాటు సముద్రము మన జిల్లాలోనే ఉన్నది. కాగితముమీద గీత మారినంత మాత్రమున గాలి, వాన, నది తమ త్రోవ మార్చుకొనవు.

తుపాను తీరము దాటగానే చచ్చిపోవునని చాలమంది అనుకొందురు. దాని గాలి నేలమీద త్వరగా బలము తగ్గును, నిజమే. కాని అది మోసికొనివచ్చిన నీరు ఎక్కడనో ఒకచోట దింపవలసినదే. 2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. ఆ వానలకు కోతకు వచ్చిన డెల్టా వరి నేల కరచినది. అంతటితో పోక పైనున్న మెట్ట ప్రాంతములలో ప్రత్తి తడిసినది, మిరపచేలలో నీరు నిలిచినది. సముద్రమును కన్నెత్తి చూడని రైతు కూడ ఆనాడు సముద్రమునకు పన్ను కట్టినాడు. కల్లములో ఉన్న పంటకు పట్టా కప్పుకొనుటకు ఒక పూట వ్యవధి దొరకిన ఇంటికిని, దొరకని ఇంటికిని భేదమేమో ఉత్తరము వ్రాసిన పెద్దలకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక లోకమున మారుచున్నదేమో చూతము. బొగ్గు, నూనె మండించుటవలన గాలిలో చేరిన వాయువులు భూమి వేడిని బయటికి పోనీయక పట్టియుంచుచున్నవి. 1850 నుండి 1900 వరకు గల కాలముతో పోల్చినచో, 2011 నుండి 2020 వరకు గల దశాబ్దమున భూతలము సుమారు 1.1 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కినదని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున పనిచేయు వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘము తేల్చినది. ఒక డిగ్రీ ఏపాటిదని తోచవచ్చును. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడు పాళ్ళు అదనముగ నీటియావిరిని మోయగలదు. మోసిన నీటిని అది దింపునపుడు ఒక దినపు వాన ఒక గంటలో కురియుచున్నది.

నీరు వేడెక్కిన కొలది ఉబ్బును. ధ్రువ ప్రాంతములలోను, కొండలమీదను మంచు కరగి కడలిలో కలియును. ఈ రెండు కారణములవలన 1901 మొదలు 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు జానెడు, పెరిగినది. మొదట నెమ్మదిగ పెరిగినది. 2006 నుండి 2018 వరకు ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది. మానవజాతి పొగను ఎంత తగ్గించుకొనునో దానినిబట్టి ఈ శతాబ్దము చివరకు మరి 30 సెంటీమీటర్లు మొదలు ఒక మీటరు వరకు పెరుగవచ్చునని అంచనా.

జానెడు నీటికి ఇంత భయమెందుకు? ఇంటిలో పిల్లవానిని చూడుడు. నేలమీద నిలిచిన వానికి ఉట్టి అందదు. వానికి ఒక పీట వేసినచో అందును. పిల్లవాడు పెరుగలేదు, వాని కాలి క్రింది మట్టము పెరిగినది. తుపాను ఉప్పెన కూడ అంతే. నిన్నటి తుపాను తెచ్చిన ఉప్పెన ఊరి గట్టుకు జానెడు క్రింద ఆగిపోయి యుండవచ్చును. అదే బలముగల తుపాను రేపు వచ్చినచో, పెరిగిన సముద్రమనెడి పీట ఎక్కి, గట్టు దాటి ఊరిలో ప్రవేశించును. కృష్ణా డెల్టా వంటి చదును నేలలో తీరమునుండి మైళ్ళకొలది నడచినను రెండు మూడు మీటర్లకు మించి ఎత్తు ఎక్కము. అట్టి నేలపై జానెడు నీరు ఎంత దూరము పోవునో ఊహించుకొనవచ్చును.

ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. ఇకమీదట తుపానులు లెక్కకు ఎక్కువగ వచ్చునని శాస్త్రజ్ఞులు అనుటలేదు. వచ్చినవానిలో మిక్కిలి తీవ్రమైన వాని పాలు గడచిన నాలుగు దశాబ్దములలో పెరిగియుండవచ్చునని వారు చెప్పుచున్నారు. వెచ్చని సముద్రమే తుపానునకు ఆహారము గదా.

మన తీరమునకు తుపానులు క్రొత్తవి కావు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని చరిత్ర చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను చూచినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. సుమారు ఐదు మీటర్ల ఎత్తున నీరు గోడవలె లేచివచ్చినది. అధికారుల లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది ఆ ఒక్క ఉప్పెనకు బలియైనారు. గ్రామములకు గ్రామములే తుడిచిపెట్టుకొని పోయినవి.

పదమూడేండ్ల తరువాత, 1990 మే 9వ తేదీన, అదే కృష్ణా ముఖద్వార ప్రాంతమున మరియొక భయంకరమైన తుపాను తీరము దాటినది. ఈ మారు మరణించినవారు 967 మంది. అదియును చిన్న సంఖ్య కాదు. ప్రతి సంఖ్య వెనుక ఒక ఇల్లున్నది. అయినను పదివేలకును, వేయికిని గల భేదము ఎక్కడినుండి వచ్చినది? గాలి దయతలచలేదు. నడుమ కాలమున తీరమున రక్షిత భవనములు లేచినవి; రోడ్లు పడినవి; హెచ్చరికను నమ్మి కదలుట ప్రజలకు అలవడినది. తుపానునకు ముందుగనే లక్షన్నర మందికి పైగా జనమును ఎత్తు ప్రదేశములకు తరలించినారు.

దీనినిబట్టి మొదటి పాఠము తేలుచున్నది. ప్రాణరక్షణ హెచ్చరికతో ముగియదు, హెచ్చరికతో మొదలగును. వాతావరణ శాఖవారు తుపాను సూచనను మెట్లు మెట్లుగ ఇత్తురు. ఎంత ముందుగ వీలైన అంత ముందుగ, సుమారు 72 గంటల ముందు, అధికారులకు సూచన పోవును. 48 గంటల ముందు జాగ్రత్త ప్రకటన, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరము దాటిన పిమ్మట జరుగబోవు దానిని గూర్చిన అంచనా వెలువడును. చివరి మెట్టున చెప్పునది మీ వంటి లోతట్టు జిల్లాలవారిని ఉద్దేశించినదే. దానిని మేము చదువునపుడే మీరు రేడియో కట్టివేయుచున్నారేమో అని మా సందేహము!

కాని 24 గంటల వ్యవధి ఉన్నంత మాత్రమున చాలదు. ఆ గంటలలో ఎవరు ఏమి చేయవలెనో తుపాను లేని దినమున, చల్లగ కూర్చుండి, నిర్ణయించుకొన్న గ్రామమునకే ఆ వ్యవధి ఉపకరించును. పొరుగు దేశమగు బంగ్లాదేశమును చూడుడు. 1970 నవంబరులో, నాటి తూర్పు పాకిస్తానమును ముంచిన ఉప్పెనలో మూడులక్షలకు తక్కువ కాకుండ జనము నశించినది. 1972లో ఆ దేశమువారు గ్రామ గ్రామమున వాలంటీరులను ఏర్పరచి, వారికి రేడియోను, మెగాఫోనును, జెండాను ఇచ్చిరి. రేడియో వినువాడు ఒకడు, వీధివెంట చాటువాడు ఒకడు, ముసలివారిని చేయి పట్టి నడిపించువాడు ఒకడు. పొరుగు రాష్ట్రమగు ఒరిస్సాలో 1999 అక్టోబరు తుపానునకు సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద పైలిన్ తుపాను తాకునప్పటికి దాదాపు పదిలక్షల మందిని తరలించియుండిరి. మరణించినవారు యాభైకి లోపే. ఇది అదృష్టము కాదు, అభ్యాసము.

తుపాను ఒక రాత్రి వచ్చి పోవు శత్రువు. తీరమునకు మరియొక శత్రువు కలదు. అది చప్పుడు లేకుండ, ఏండ్ల తరబడి వచ్చును. దానికిని మన పల్నాటికిని బంధుత్వము మరింత దగ్గర.

డెల్టా యనగా ఏమి? నది కొండలనుండి, చేలనుండి కోసికొనివచ్చిన ఒండ్రు సముద్రముఖమున పేరుకొనగా పుట్టిన నేల. సముద్రము ప్రతిదినము ఆ అంచును నాకుచుండును. నది ప్రతి వరదలోను క్రొత్త ఒండ్రు తెచ్చి పూడ్చుచుండును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో నది చేయి ఆగినచో సముద్రము చేయి మాత్రము ఆగదు.

కృష్ణపై నది చేయి చాలవరకు ఆగినది. ఎక్కడ ఆగినది? మన గడపలోనే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. ఆనాటినుండి కుడికాలువ పల్నాటి ముఖము మార్చినది. జొన్నకూడు తప్ప మరియొకటి దొరకదని, త్రాగుటకు నీరు లేదని శ్రీనాథుడు విసుగుకొన్న సీమలో వరిచేలు పచ్చబడినవి. ఆ మేలును ఎవరును కాదనలేరు. అయితే ఆనకట్ట నీటిని ఆపినపుడు నీటితోడి ఒండ్రును కూడ ఆపును. మొదట సాగరము 408 శతకోటి ఘనపుటడుగుల నీటిని, అనగా 408 టీఎంసీలను, పట్టునని లెక్క. తరువాతి సర్వేలలో అది 312 టీఎంసీలకు దిగినది. ఈ నడుమ తగ్గిన చోటు రెండు పులిచింతల జలాశయములకు సరిపోవును! పైనున్న శ్రీశైలము కథయు ఇట్టిదే: 308 టీఎంసీలు 215కు దిగినవి.

అక్కడ పేరుకొన్న మట్టి ఇక్కడ కొరతయైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలో, 1960 దశకము చివర కృష్ణ ఏటేట సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చుచుండగా, 2000 తరువాతి సంవత్సరములలో అది సుమారు 4 లక్షల టన్నులకు పడిపోయినదని తేలినది. గోదావరి, కృష్ణల జంట డెల్టా తీరము 336 కిలోమీటర్ల పొడవునను 1965 నుండి 2008 లోపల నికరముగ 76 చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకొన్నదని వారు లెక్క కట్టిరి. సముద్రము పైకి లేచుచున్నది. నేలకు మట్టి అందుటలేదు. రెండు వైపులనుండి ఒత్తిడి.

మూడవది ఉప్పు. నదిలో మంచినీరు నిండుగ పారి సముద్రమున కలియుచున్నంతకాలము ఉప్పునీటిని అది బయటికి నెట్టుచుండును. నది ఎండినచో ఉప్పునీరు ఏటిపాయలవెంట, భూగర్భమువెంట లోపలికి ప్రాకును. దివిసీమ చివరి గ్రామములలో బోరు వేసినచో ఉప్పునీరు పడు తావులు కలవు. నది నీరు సముద్రము పాలైనదని మనము సులభముగ అనుచుందుము. సముద్రము పాలైన ప్రతి చుక్కయు వ్యర్థము కాదు. కొంత నీరు అక్కడ కాపలా కాయుచున్నది.

ఇట్టి స్థితిలో తీరగ్రామము చేసికొనవలసిన ఏర్పాటు ఏమి?

సామాన్యముగ మొదట తోచునది గోడ. కాకినాడ సమీపమున ఉప్పాడను చూడుడు. నేతచీరలకు పేరుపొందిన ఆ ఊరిలో ఇండ్లు, గుడులు, వీధులు ఒకదాని వెంట ఒకటి సముద్రమున కలసిపోయినవి. రాళ్ళు పోసిరి, ఇసుక నింపిన పెద్ద వస్త్రపు గొట్టములతో కట్ట కట్టిరి. కొంతకాలము నిలిచినవి, అలల తాకిడికి అవియును చినిగినవి, కుంగినవి. గోడ కొన్నిచోట్ల తప్పనిసరియే. పట్టణమునకు, రేవునకు, పెద్ద రహదారికి గోడ కావలెను. కాని గోడకు తాకిన అల తన బలమును విడువదు. గోడ పాదమున ఇసుకను త్రవ్వును, లేదా గోడ లేని పొరుగూరిపై పడును. కనుక ఒక ఊరి గోడను ఆ ఊరు మాత్రమే నిర్ణయించుట తగదు. తీరమంతటిని ఒకటిగ చూచి నిర్ణయించవలెను.

గోడకన్న పాతది, చౌకయైనది మడ అడవి. మడ, పొన్న, తిల్ల వంటి చెట్లు ఉప్పుబురదలో వేళ్ళు పాతుకొని అలను చీల్చును, బురదను పట్టియుంచును. రొయ్యకు, పీతకు, చేపపిల్లకు పుట్టినిల్లగును. కోరింగ అభయారణ్యమును 1978లో ప్రకటించిరి. కృష్ణా ముఖద్వారమునను అట్టి అభయారణ్యము కలదు. ఇక్కడి మడ భూములు చాలచోట్ల నీరు ఆడక ఉప్పుదేలి బోడియైనవి. అటవీశాఖవారును, మద్రాసునందలి స్వామినాథన్ పరిశోధన సంస్థవారును గ్రామస్థుల సహాయమున చేప ముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించిరి. నడుమ పెద్ద కాలువ, ఇరుప్రక్కల పిల్ల కాలువలు. పోటునీరు లోపలికి వచ్చును, పాటునీరు బయటికి పోవును, ఉప్పు కడిగికొనిపోవును, అప్పుడు నాటిన మొక్క బ్రదుకును. మొక్కకంటె ముందు నీటికి దారి ఈయవలెననుట ఇందలి సూత్రము. ఇసుక తిన్నెలమీద తాడి, సరుగుడు తోపులను, ఆ తిన్నెలను నిలుపుకొనుటయు ఈ రక్షణలో భాగమే. తిన్నెను త్రవ్వి ఇసుక అమ్ముకొనుట ఇంటి వెనుక తలుపు తీసి దొంగను పిలుచుటవంటిది.

కొన్నిచోట్ల గోడయు నిలువదు, అడవికిని చోటుండదు. అక్కడ మిగిలినది వెనుకకు జరుగుట. ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము. జాలరి సముద్రమునకు దూరమైనచో అతని వృత్తి పోవును; పడవ, వల కంటి ఎదుట ఉండవలెను. కొండ ప్రక్కన కాలనీ కట్టి తాళము చేతికి ఇచ్చినంత మాత్రమున అతడు పోడు, పోయినను తిరిగి వచ్చును. కనుక తరలింపు అనగా ఇల్లు మార్చుట మాత్రము కాదు. పడవలు నిలుపు తావు, చేపలు ఎండబెట్టు స్థలము, తీరమునకు మంచి దారి, బడి, గుడి అన్నియు కలిసి కదలవలెను.

ఈ విషయమున పల్నాటి వారికంటె బాగుగ చెప్పగలవారు లేరు. సాగరము నిండుటకు ముందు కృష్ణా లోయలోని గ్రామములు లేచి వచ్చినవి. ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోవునని తెలిసి, 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు లోయనంతటిని త్రవ్వి, శిథిలములను ఇటుకకు ఇటుక గుర్తుపెట్టి, నాగార్జునకొండ శిఖరమునకును, అనుపునకును చేర్చిరి. ఇక్ష్వాకుల నాటి స్తూపమును మార్చుటకు అంత శ్రద్ధ వహించిన దేశము బ్రతికియున్న ఊరిని మార్చుటకు అంతకంటె ఎక్కువ శ్రద్ధ వహింపవలదా? పులిచింతల క్రింద ఊళ్ళు విడిచినవారును మీ జిల్లాలో ఉన్నారు. పరిహారము ఎప్పుడు చేతికందినది, క్రొత్త ఊరిలో బావి నీరు ఎట్లున్నది, పాత ఇరుగుపొరుగు మరల ఒకచోట చేరిరా, చెదరిపోయిరా అను వివరములు వారిని అడిగి వ్రాసికొనినచో తీరమున తరలింపునకు అంతకన్న మంచి పాఠ్యపుస్తకము ఉండదు.

మొత్తము మీద తీరగ్రామపు ఏర్పాటు కొన్ని సామాన్యమైన ప్రశ్నలకు సమాధానముగ ఉండవలెను. గడచిన ఉప్పెనలలో నీరు ఎంతవరకు వచ్చినది? ఆ గుర్తును బడిగోడమీద, గుడిగోడమీద గీచి ఉంచినారా? ఊరిలో ఎత్తైన తావు ఏది, దానికి దారి వానలో నడువదగియున్నదా? నడువలేనివారు ఎవరెవరు, వారిని ఎవరు తీసికొనిపోవలెను? పశువులకు మెరక దిబ్బ కలదా? పశువును విడువలేక ఆగి ప్రాణము పోగొట్టుకొన్నవారు చాలమంది. త్రాగునీటి చెరువునకు ఉప్పునీరు చేరని గట్టు కలదా? మురుగుకాలువ ముఖము పూడిపోయినదా? పడవకు, పంటకు బీమా కలదా? రక్షిత భవనమునకు తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నది? ఈ కడపటి ప్రశ్న చిన్నదని నవ్వవలదు. అర్ధరాత్రి వేళ అదియే పెద్ద ప్రశ్న.

పంటకాలమును మార్చుకొనుటయు ఒక రక్షణయే. డెల్టాలో నాట్లు ఆలస్యమైనచో వరి నవంబరు, డిసెంబరు తుపానుల నోట పడును. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు చేర్చుటలో ఒక ఉద్దేశము, జూన్, జూలై మాసములలోనే నాట్లకు నీరందించి తుపానులకు ముందే పంట ఇల్లు చేర్చుట. అంతమేరకు డెల్టా సాగరమువైపు చూచుట తగ్గును.

ఇప్పుడు ఉత్తరము వ్రాసిన పెద్దల వంతు. తీరము కొరకు పల్నాటివారు చేయగలదేమి? తమ మేలు కొరకు చేసికొనునదే తీరమునకును మేలగును. చంద్రవంక, నాగులేరు, దండివాగుల పరీవాహకములో గట్లు వేసి, చెట్లు పెంచి, చెరువుల పూడిక తీసినచో మీ చేని మట్టి మీ చేనిలోనే నిలుచును, వానచుక్క భూమిలో ఇంకును. రెంటచింతల ఎండలు తెలిసినవారికి నీటి విలువ వేరుగ చెప్పవలెనా? ఇక్కడ ఒక తడి ఆదా చేసినచో, నది కొనయందలి ఊరికి ఒక కడవ మంచినీరు మిగులును.

ఇకముందు ఋతువులు ఒక పద్ధతిగ నడువవు. 2023లో కృష్ణకు వరద లేదు, సాగరము నిండలేదు, కుడికాలువ క్రింద రైతు ఆకాశమువైపు చూచినాడు. మరుసటి సంవత్సరమే, 2024 ఆగస్టులో సాగరపు 26 గేట్లును ఎత్తవలసివచ్చినది. సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ మునిగినది. ప్రకాశము బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పారినది. ఒకే నది, ఒకే జనము, ఒక ఏడు దాహము, ఒక ఏడు వరద. కరవునకు ఒక శాఖ, వరదకు ఒక శాఖ, తీరమునకు ఒక శాఖ వేరువేరుగ ఆలోచించినచో చాలదు. శ్రీశైలమునుండి హంసలదీవి వరకు ఒకే ఇల్లుగ ఆలోచింపవలెను.

హాలండు దేశస్థులు సముద్రముతో పోరాటమున ఆరితేరినవారు. 1953లో ఒక్క రాత్రి 1,836 మందిని పోగొట్టుకొని, దశాబ్దములపాటు మహాకట్టలు కట్టిరి. అట్టివారే ఈ శతాబ్దమున, కట్టలు చాలవని గ్రహించి, కొన్నిచోట్ల గట్లను వెనుకకు జరిపి నదికి చోటు విడిచిరి. చోటు విడుచుట ఓటమి కాదు. నీటితో కాపురము చేయు నేర్పు.

ఆ ఉత్తరమునకు చివరి మాట. అయ్యా, మీ నాటకము వాయిదా పడినందుకు మేము చింతించుచున్నాము. అది మరల వచ్చును. తుపాను రాత్రి విద్యుత్తు పోవును, టెలిఫోను స్తంభము కూలును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన విశాఖపట్నమువంటి మహానగరమునకే అట్టి స్థితి కలిగినది. అప్పుడు బ్యాటరీలతో పలుకు చిన్న రేడియో ఒక్కటే చీకటిలో మిగులు మాట. ఆ హెచ్చరిక చదువునపుడు మేము ఒక జిల్లాను ఉద్దేశించి చదువము. రేపల్లెలో మీ అమ్మాయిని ఇచ్చియుండవచ్చును; నిజాంపట్నమున మీ మేనల్లుడు చేపల వ్యాపారము చేయుచుండవచ్చును; మీ కల్లములో ప్రత్తి ఆరుచుండవచ్చును. ఈ మారు మేము నాటకమును ఆపి హెచ్చరిక చదివినపుడు, దయచేసి రేడియో కట్టివేయక రెండు నిమిషములు వినుడు. విని, పట్టా తీసి కల్లమువైపు పోవుటకు ముందు, రేపల్లెకు ఒక కబురు పెట్టుడు.